మలుపు దగ్గర ఆగే బండి

పాన్ బాబాయిని చంపింది దయ్యం కాదు. తెవాంగ్ కాలు తీసుకుంది పాన్ బాబాయి ఆత్మా కాదు. రెండూ మీరు చేసిన పనులే. కీలుంగ్ రేవు పట్నం కొండల మీద ఇంటింటికీ గ్యాస్ బండలు మోయించే దుకాణదారులారా, ఈ మాట మీకే. చచ్చినవాళ్లకు చేరుతుందని పీపాలకు పీపాలు ఉత్తుత్తి కాగితపు డబ్బు తగలేశారు. బతికున్నవాడి బండికి పీల్చుకోవడానికింత గాలి మిగల్చలేదు. కోపం వస్తే రానివ్వండి. కోపం వచ్చినవాడు కనీసం చివరిదాకా చదువుతాడు.

జుయ్‌ఫెంగ్, లై వాళ్ల గ్యాస్ దుకాణంలో బండలు మోసే మనిషి. పెళ్లయిన కొత్తలో చేరాడు, ఇప్పుడు కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మెట్ల దారుల్లో బండ ఎప్పుడూ ఎడమ భుజం మీదే ఎక్కుతుంది కాబట్టి ఆ భుజం కుడి భుజం కంటే కిందికి దిగిపోయింది. అతనికి వేరే పని రాదు. బండ దించడం, బండ ఎక్కించడం, ఆ పాత గేర్ల మోటారు సైకిల్‌ని కొండ ఎక్కించడం. అంతే వచ్చు.

ఒక సాయంత్రం బండికి చెరో పక్కా ఒక బండ కట్టుకుని కొండ ఎక్కుతున్నాడు. వాన పడుతోందని చెప్పక్కర్లేదు. కీలుంగ్‌లో వాన పడని రోజు ఉంటే అది చెప్పుకోవాలి. గోడ పక్కన దారి ఒక్కసారిగా వెనక్కి తిరిగే చోటుంది. ఎండాకాలం చివర, చచ్చినవాళ్ల లోకం గేట్లు తెరిచి ఉంటాయనే దయ్యాల నెలలో, అదే దుకాణంలో బండలు మోసే పాన్ బాబాయి బండి అక్కడే ఆగి, వెనక్కి జారి, ఆయనతో సహా లారీ కింద పడింది. అప్పట్నుంచీ జనం దాన్ని పాన్ మలుపు అంటున్నారు. గోడ మొదట్లో ఎవరో ఒకరు రోజూ ఒక గ్లాసు బియ్యపు సారా, నాలుగు వక్కలు పెట్టి పోతారు.

మలుపు తిరగడానికి జుయ్‌ఫెంగ్ రేస్ తగ్గించాడు. రెండో గేర్లోకి దించి మళ్ళీ రేస్ ఇచ్చాడు. బండి రెండుసార్లు మిస్ కొట్టింది. సైలెన్సర్ లోంచి తుమ్మినట్టు ఒక నల్ల పొగ. అంతే, చచ్చింది. బండల బరువు బండిని వెనక్కి లాగింది. తడిసిన బ్రేకు పట్టలేదు. రెండు కాళ్లూ రోడ్డుకు తన్నిపెట్టాడు, చెప్పుల అడుగులు అరిగిపోయేలా జారాడు. వెనకాల లారీ కీచుమని ఆగింది. బండి వెనక మడ్‌గార్డుకీ లారీ ముక్కుకీ మధ్య ఒక చెయ్యి పట్టేంత సందు మిగిలింది.

లారీవాడు అద్దం దించి తల బయట పెట్టాడు. "ఏమయ్యోయ్, దయ్యాల నెల అయిపోయింది. గేట్లు మూసేశారు. ఇంకా రోడ్డు మీద ఏం చేస్తున్నావ్, లోపలికి పో!"

జుయ్‌ఫెంగ్ నవ్వలేకపోయాడు. బండిని గోడకి ఆనించాడు. గోడ మొదట్లో సారా గ్లాసు వాన నీళ్లతో నిండి పొర్లుతోంది. దానివైపు తిరిగి మెల్లగా అన్నాడు: "బాబాయ్, నేను, ఫెంగ్‌ని. నీకు అన్నం పెట్టినవాణ్ణి. నాతో వద్దు."

ప్రమాదంలో పోయినవాడు పోయిన చోటే కాచుకుని ఉంటాడని, తన బదులు ఇంకొకణ్ణి పడేస్తే గానీ వాడికి విడుదల ఉండదని ఈ ఊళ్లో నమ్మని మనిషి లేడు. జుయ్‌ఫెంగ్ కూడా నమ్ముతాడు. బండి ఆ మలుపు దగ్గర అలా ఆగడం అది మూడోసారి.

దుకాణంలో యజమానమ్మ, లై వాళ్లింటావిడ, ఫోను చెవికి పెట్టుకునే అతన్ని తేరిపార చూసింది. ఫోను పెట్టేసింది.

"మళ్ళీ ఆగిందా? ఫిషింగ్ హార్బర్ పక్కన హోటలు వాడు ఇప్పటికి రెండుసార్లు తిట్టాడు. పొయ్యి మీద పులుసు సగంలో ఆగిపోయిందట."

"మలుపు దగ్గర..."

"మలుపు దగ్గర అందరి బళ్లూ తిరుగుతున్నాయి, నీ బండే ఆగుతోంది. బండికి రోగం కాదు, నీ చేతికి. ఇంకొక్కసారి ఆగిందో, తాళం ఆ బల్ల మీద పెట్టి ఇంటికి పో. పాన్ విషయంలో నేను పడ్డది చాలు. ఇంకో శవం నా గుమ్మంలోకి రావడానికి వీల్లేదు."

పక్కన బండలు దొర్లిస్తున్న తెవాంగ్ తల ఎత్తాడు. జుయ్‌ఫెంగ్ కంటే పదేళ్లు చిన్నవాడు. నోట్లో వక్క, నోటి నిండా వేళాకోళం. "పోనీలే యజమానమ్మా. ఫెంగ్ అన్నకి బాబాయితో పాత బాకీ ఏదో ఉంది. పేకాటలో మోసం చేసుంటాడు."

"నోర్ముయ్. ఫెంగ్, ముందు పోయి పీపా అంటించు. ఇవాళ ఇంకో రెండు కట్టలు ఎక్కువ వెయ్యి."

ఆ పీపా సంగతి చెప్పాలి. మామూలుగా ప్రతి వ్యాపారీ నెలకు రెండుసార్లు, విదియకీ పదహారో రోజుకీ, దుకాణం ముందు పీపాలో కాగితపు డబ్బు కాలుస్తాడు. గ్యాస్ దుకాణం ముందు నిప్పు పెడితే వీధి వీధీ లేచిపోతుంది. రోడ్డు మీద పెడదామంటే వాన. అందుకని లై వాళ్ల పీపా వెనకాల రేకుల చావడిలో ఉంటుంది. బళ్లు బండలెక్కించుకునేది కూడా ఆ చావడిలోనే; దుకాణం ముందు గుర్తొచ్చే భయం వెనకాల ఎవరికీ గుర్తు రాదు. వేడిమీద ఆపిన బండి మళ్ళీ స్టార్టు కావడానికి కిక్కులు తినేస్తుంది కాబట్టి ఇంజన్ ఆపకూడదని అక్కడ రూలు. దయ్యాల నెలలో ఎలాగూ రోజూ కాలుస్తారు; పాన్ పోయాక ఆ నెల దాటినా రోజూ కాల్చడమే అయింది. సాయంత్రం పూట గొణుగుతూ నిలబడ్డ బళ్ల మధ్య జుయ్‌ఫెంగో తెవాంగో పీపా అంటిస్తారు. కాగితాల మీద అతికించిన బంగారు రంగు తగరపు రేకులు మంటకు లేచి, బూడిదతో పాటు గిర్రున తిరిగి, పొగ పోయే దారి లేని ఆ చావడిలో ఎక్కడ పడితే అక్కడ వాలతాయి.

జుయ్‌ఫెంగ్ భక్తిగా అంటించాడు. రెండు కట్టలు ఎక్కువే వేశాడు.

మర్నాడు బండిని కున్‌షాన్ దగ్గరికి తోసుకుపోయాడు. కొండ కింద మెకానిక్ కున్‌షాన్. దుకాణం ఎంతుంటుందంటే, ఒక బండి లోపలుంటే మెకానిక్ బయటుండాలి.

"ఏంటి రోగం?"

"షాన్ అన్నా, పాన్ బాబాయి పిలుస్తున్నాడు."

"బతికున్నప్పుడు నాకు ఒక్క ఫోను కొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాడా? కిక్కు కొట్టు."

బండి స్టార్టయింది. కుంటి మనిషి నడిచినట్టు కొట్టుకుంటోంది. ఒక దెబ్బ పడుతుంది, ఒక దెబ్బ పడదు. రేస్ ఇస్తే నల్ల పొగ. కున్‌షాన్ స్పార్క్ ప్లగ్ విప్పి చూపించాడు. కుంపటి అడుగులా నల్లగా, పొడి మసి. వేలు పెడితే వేలికి అంటింది.

"చూడు. నూనె తాగే ఇంజనైతే ఇది జిడ్డుగా ఉంటుంది. ఇది పొడిగా ఉంది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది, లేకపోతే గాలి తక్కువ పీలుస్తోంది. రెంటిలో ఒకటి."

ముందు పెట్రోలు చూశాడు. ఈ ఊరి వానకి ట్యాంకులో నీళ్లు దిగడం మామూలే. కార్బురేటర్ గిన్నె విప్పి గాజు గ్లాసులో పోశాడు, నీటి చుక్క లేదు. చోక్ ఇరుక్కోలేదు. పెట్రోలు ఎక్కువ రాకుండా ఆపే ఫ్లోట్ సూది కొద్దిగా అరిగింది, మార్చాడు. తర్వాత గాలి ఫిల్టర్ చూద్దామని వెనక్కి తిరిగి ఆగిపోయాడు. ఫిల్టర్ డబ్బా మూత మీదుగా ఇనప కమ్ములు. బండలు మోసే చట్రం. పాన్ పోయాక యజమానమ్మ చట్రం గట్టిపడాలని ప్రతి బండికీ కమ్ములు అడ్డంగా అతికించింది. కమ్మి కోస్తే గానీ మూత రాదు.

కున్‌షాన్ దుకాణానికి ఫోను చేశాడు. యజమానమ్మ గొంతు బయటికి వినిపించింది: "ఫిల్టర్లు అన్నీ కొత్తవి వేయించాకే అతికించాను. నా చట్రం మీద చెయ్యి వేశావో చూడు. నువ్వు కార్బన్ కడుగు, అది నీ పని."

"కొత్తదేనట," అన్నాడు కున్‌షాన్. నమ్మాడు.

ఇంజన్ హెడ్ విప్పాడు. లోపల పిస్టన్ నెత్తి మీద మాడిపోయిన అన్నపు పొరలా కార్బన్. ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే చోట కూడా అదే పొర. వాల్వ్ వెనక దారిలో కిరసనాయిలు పోస్తే, మూసుకుని ఉండాల్సిన వాల్వ్ సందులోంచి మెల్లగా కారింది. "ఇదిగో నీ దయ్యం," అన్నాడు కున్‌షాన్. "వాల్వ్ పూర్తిగా మూసుకోదు. వేగంగా పోతున్నంతసేపూ తెలియదు. రేస్ తగ్గించావా, దానికి ఊపిరి నిలవదు. మలుపులోనే ఎందుకు ఆగుతుంది? రేస్ పూర్తిగా తగ్గించి, వెంటనే బరువుతో ఎత్తు ఎక్కేది అక్కడొక్కచోటే. బాబాయి బండీ అక్కడే ఆగింది. దారి అలాంటిది."

జుయ్‌ఫెంగ్ కారుతున్న ఆ కిరసనాయిలు చుక్కల్ని చూశాడు. మనసు సగమే ఒప్పుకుంది.

ఇద్దరూ కూర్చుని గీశారు. అల్యూమినియం మీద ఇనుము పెడితే గీతలు పడతాయని కున్‌షాన్ వెదురు పుల్లలు చెక్కి ఉంచుకుంటాడు, అన్నం తినే పుల్లలే. కిరసనాయిల్లో నానబెట్టడం, పుల్లతో గీకడం, ఇత్తడి కుంచెతో తోమడం, గుడ్డతో తుడవడం. వాల్వ్‌కి అరగదీసే ముద్ద రాసి రెండు అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పి కూర్చోబెట్టడం. మళ్ళీ కిరసనాయిలు పోశారు. ఈసారి చుక్క కారలేదు. కొత్త గాస్కెట్ వేసి బిగించాక కిక్కు కొడితే బండి ఒకే స్వరంలో పలికింది. జుయ్‌ఫెంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాన అనుకోమని ముఖం తుడుచుకున్నాడు.

చలి ముదిరింది. వేడి పులుసుల కాలం, గ్యాస్ గిరాకీ పెరిగింది. చావడిలో బళ్లు ఇంకా ఎక్కువసేపు గొణుగుతూ నిలబడ్డాయి. పీపా రోజూ మండింది. నెల తిరక్కముందే బండి మళ్ళీ మిస్ కొట్టడం మొదలెట్టింది.

ఈసారి జుయ్‌ఫెంగ్ యజమానమ్మకు చెప్పలేదు. చెబితే తాళం బల్ల మీద పెట్టాలి. మధ్యాహ్నం అన్నం మానేసి కున్‌షాన్ దగ్గరికి పోయాడు. కున్‌షాన్ ప్లగ్ విప్పాడు. అదే పొడి మసి.

దాన్ని వేళ్ల మధ్య రుద్దాడు. "ఇంత తొందరగా పట్టకూడదు. పెట్రోలు వైపు అంతా నేను చూశాను. మిగిలింది గాలి." చట్రం కమ్మివైపు చూశాడు. "కోస్తే ఆమె నిన్ను తీసేస్తుంది."

"కోయకపోతే?"

"కోయకపోతే లారీ తీసేస్తుంది."

"కొయ్యి."

కోత మిషను నిప్పురవ్వలు వాకిట్లో వాన నీళ్లలో పడి చుయ్యిమన్నాయి. కమ్మి ఊడింది. మూత తీశాడు. ఫిల్టర్ కొత్తదే. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ దాని మీద వేలు మందాన బూడిద, ఫిల్టర్ నూనెతో కలిసి తడి బంకమట్టిలా అట్ట కట్టింది. కున్‌షాన్ దాన్ని వెలుగులోకి తిప్పాడు. అట్టలో చుక్కలు చుక్కలుగా ఏదో మెరిసింది.

జుయ్‌ఫెంగ్ వంగి గోటితో ఒక చుక్క గీరాడు. గోటి చివర బంగారు రంగు తగరం.

అతనికి తెలిసింది. ఒక్కసారిగా, చెంప మీద కొట్టినట్టు తెలిసింది. పాన్ బాబాయి బతికున్నంతకాలం ఎవరికంటే ముందొచ్చి బండిని పీపా పక్కనే పెట్టేవాడు, వానకు తడిసిన చేతులు కాచుకోవచ్చని. ఆయన పోయాక ఆ చోటు జుయ్‌ఫెంగ్‌కి వచ్చింది.

"దేవుళ్లకి, దయ్యాలకి పంపిన డబ్బు వాళ్లకి చేరలేదన్నమాట," అన్నాడు కున్‌షాన్. "నీ ఇంజనే తినేసింది."

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

మళ్ళీ కార్బన్ గీశారు. కొత్త ఫిల్టర్ వేశారు. కోసిన కమ్మిని మళ్ళీ అతికించకుండా, చేత్తో తిప్పే రెండు మరలతో బిగించాడు కున్‌షాన్. "వారానికోసారి మూత తీసి దులుపు. పీపా మాత్రం అక్కణ్ణుంచి తీయించు."

సాయంత్రం జుయ్‌ఫెంగ్ ఆ పాత ఫిల్టర్‌ని సంచిలో వేసుకుని పోయి యజమానమ్మ బల్ల మీద పెట్టాడు. విషయం చెప్పాడు. చావడిలో కాకుండా ఇంకెక్కడైనా కాల్చుకుందామన్నాడు, లేదా కనీసం కాల్చేటప్పుడు ఇంజన్లు ఆపుదామన్నాడు.

ఆమె ఫిల్టర్‌ని ముట్టుకోలేదు. "నా చట్రం కోశావు."

"అమ్మా, ముందు ఇది చూడండి..."

"పాన్ పోయినప్పట్నుంచీ నేను నిద్ర పోవట్లేదు, తెలుసా నీకు? మీ అందరి ప్రాణాల కోసం రోజూ కట్టలు కట్టలు కాలుస్తున్నాను. దాన్ని చెత్త అంటావా? దేవుడికి పెట్టింది మురికి అంటావా?"

ఆమె అబద్ధం ఆడటం లేదు. ఆమె కళ్ల కింద నలుపు నిజం. అందుకే ఆ మాట ఇంకా దారుణం.

వెనకాల చావడిలో తెవాంగ్ అప్పుడే పీపా అంటించాడు. మూడు బళ్లు దాని చుట్టూ గొణుగుతున్నాయి. బూడిద రేగి, పొడవాటి నాలుకలా బళ్ల పొట్టల కిందికి పాకుతోంది. జుయ్‌ఫెంగ్‌కి అది ఇప్పుడు కనిపిస్తోంది. ఇన్నాళ్లూ కళ్లముందే ఉంది, కనిపించలేదు. బళ్లు కడిగే బకెట్ ఎత్తాడు. పీపాలో కుమ్మరించాడు.

చుయ్యిమని తెల్లటి ఆవిరి లేచింది. తెవాంగ్ నోట్లో వక్క కింద పడింది. "అన్నా! ఏం పని చేశావు అన్నా! వాళ్ల డబ్బు మీద నీళ్లా?"

జుయ్‌ఫెంగ్ తాళం తనే తీసి బల్ల మీద పెట్టాడు.

అందరికంటే బాగా పలుకుతున్నది ఆ బండే కాబట్టి అది తెవాంగ్‌కి దక్కింది. తప్పు దిద్దుకోవడానికి, పీపాలో నీళ్లు పోసిన పాపానికి, యజమానమ్మ పూజారిని పిలిపించింది. కాగితాలు రెట్టింపయ్యాయి. చట్రం కమ్మి మళ్ళీ అతికించారు, ఈసారి రెండు చోట్ల.

జుయ్‌ఫెంగ్ చేపల మార్కెట్లో ఐసు మోసే పనికి కుదిరాడు. ఒకరోజు దారిలో తెవాంగ్ బండి శబ్దం విని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"తెవాంగ్, ఆ కమ్మి కోయించుకోరా. మిస్ కొడుతోంది, విను."

"నీళ్లు పోసింది నువ్వు, భయం నాకా?" అని నవ్వాడు తెవాంగ్. నవ్వు గట్టిగానే ఉంది. కానీ చొక్కా జేబు నిండా వక్కలు. మలుపు దగ్గర పెట్టడానికి. "నాకు కట్టుకున్న పెళ్లాం ఉంది అన్నా. నీలాగా తాళం బల్ల మీద పెట్టే ధైర్యం లేదు."

దుకాణాలవాళ్లు పనివాళ్లకు పెట్టే ఏడాది చివరి విందుకు ముందు వారం, పాన్ మలుపు దగ్గర తెవాంగ్ బండి ఆగింది. వెనక్కి జారింది. ఈసారి లారీ ఆగలేదు.

బతికాడు. ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఊళ్లో మాట ముందే తయారుగా ఉంది. చచ్చినవాళ్ల డబ్బు మీద నీళ్లు పోసింది జుయ్‌ఫెంగ్, కోపం తీర్చుకున్నది పాన్, పడ్డది తెవాంగ్. ఆసుపత్రి వసారాలో తెవాంగ్ భార్య జుయ్‌ఫెంగ్‌ని గుమ్మం దాటనివ్వలేదు. "నువ్వు పోసిన నీళ్లకి మా ఆయన కాలు పోయింది. ఇంకేం కావాలి? రెండోది కూడా కావాలా?"

జుయ్‌ఫెంగ్ తల దించుకుని మెట్లు దిగాడు. సగం మెట్లు దిగాక ఆగాడు. కున్‌షాన్‌కి ఫోను చేశాడు.

బండి ఇంకా మలుపు గోడకి ఆనించే ఉంది, మీద ఒక ప్లాస్టిక్ పట్టా. కున్‌షాన్ కోత మిషను తెచ్చాడు. వానలో, అటూ ఇటూ పోయే బళ్లు హారన్లు కొడుతుంటే, సారా గ్లాసు పక్కనే, కమ్ములు కోశారు. మూత తీశారు.  కున్‌షాన్ ఆ ఫిల్టర్ తీసి జుయ్‌ఫెంగ్ చేతిలో పెట్టాడు. అది ఇటుక ముక్కంత బరువుంది.

మర్నాడు తెవాంగ్ భార్య బట్టలు తేవడానికి ఇంటికి పోయిన వేళ చూసి జుయ్‌ఫెంగ్ అతని మంచం దగ్గరికి వెళ్లాడు. ఫిల్టర్‌ని దుప్పటి మీద, కాలు ఉండాల్సిన చోట, పెట్టాడు.

తెవాంగ్ దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. వేలితో బూడిద గీరాడు. లోపల బంగారు రేకు మెరిసింది.

"ఇదంతా నేనే అంటించాను అన్నా," అన్నాడు. నోట్లో వక్క లేదు, వేళాకోళం లేదు. "రోజూ. నా చేత్తో. నాకేం కాకూడదని దణ్ణం పెట్టుకుని మరీ అంటించాను."

ఆ ఫిల్టర్ ఇప్పుడు కున్‌షాన్ దుకాణం గుమ్మానికి తీగతో వేలాడుతోంది. మీలో నమ్మనివాళ్లు వచ్చి ముట్టుకుని చూడండి. దయ్యాలకు కాల్చుకోండి, ఎవరూ వద్దనరు. కానీ పీపాని చావడిలోంచి బయటికి లాగండి. వాన పడితే గొడుగు పట్టుకుని నిలబడండి, దేవుడి మీద అంత భక్తి ఉన్నవాళ్లకి తడవడం ఒక లెక్కా! బండలు ఎక్కిస్తున్నంతసేపూ ఇంజన్ ఆపనివ్వండి. ఫిల్టర్ మూతల మీద మీరు అతికించిన కమ్ములు కోయించండి, మూత తోలేవాడి చేతికి తెరుచుకునేలా పెట్టండి. తెవాంగ్ కాలు పోయినందుకు నింద వాడి చేతి మీద కాదు, మీ చేతి మీద వేసుకోండి.

బండి బాగుచేసి, కమ్మి మళ్ళీ అతికించి, రేపు దుకాణానికి తెస్తున్నారట. ఇంకొకడు తోలడానికి సిద్ధంగా ఉన్నాడు. వాడి చేతిలో తాళం పెట్టకముందే కోయండి ఆ కమ్మి.